మందారానికి కాయ కట్టించే పని: ఏడు నెలల లెక్క

మా ఎర్ర రేకమందారం పూయని రోజు ఉండదు. కాయ మాత్రం ఇన్నేళ్లలో ఒక్కటీ చూడలేదు. పక్క కుండీలో బెండ మొక్క ఉంది. పువ్వు పోలిక అదే, కుటుంబమూ అదే, మాల్వేసీ. అది పూసిన పువ్వునల్లా కాయ చేస్తుంది. ఒకే కుటుంబంలో ఒకళ్లకి అంత తేలికైన పని ఇంకొకళ్లకి ఎందుకు చేతకావట్లేదో తేల్చుకుందామని ఈ నోట్సు మొదలుపెట్టాను. "పూల కోసం పెంచే మొక్కకి కాయలెందుకే?" అంది అక్క. అంటూనే తన పసుపు మందారం కుండీని ఆర్నెల్లకి అప్పిచ్చింది. అది లేకపోతే ఇందులో సగం పని జరిగేది కాదు.

సామాను: 10 రెట్లు చూపించే చేతి భూతద్దం, 400 రెట్ల వరకు వెళ్లే విద్యార్థుల మైక్రోస్కోపు, కొత్త బ్లేడ్లు, సన్నని పట్టకారు, నీటిరంగుల కుంచె, ట్యాగులు కట్టడానికి దారం, పల్చటి గుడ్డ సంచులు. నోట్సు పెన్సిల్‌తో రాయడం మేలు. తడి చేతులతో పెన్ను రాత అంతా అలుక్కుపోయి మొదటి వారం లెక్కలు కొన్ని పోయాయి.

3వ రోజు

పువ్వుని కోసి చూశాను. కాడ వైపు నుంచి బ్లేడు పెట్టి నిలువుగా చీల్చాలి. పైనుంచి కోస్తే మధ్య గొట్టం నలిగిపోతుంది. ఐదు రేకులు, కింద ఆకుపచ్చ గిన్నెలా రక్షకపత్రాలు, ఆ గిన్నె బయట సన్నని పచ్చ ముళ్లలాంటి ఇంకో వరస. మధ్యలో పొడుచుకొచ్చేది నిజానికి కేసరాల కాడలన్నీ అతుక్కుని అయిన గొట్టం. కీలం ఆ గొట్టం లోపల్నుంచే వచ్చి, చివర్లో ఐదుగా చీలి, ఒక్కో చీలిక మీద ఒక్కో ముఖమల్ బొడిపెని మోస్తుంది. ఆ ఐదూ కీలాగ్రాలు. అండాశయాన్ని అడ్డంగా కోస్తే ఐదు గదులు, గదుల్లో తెల్లటి ముత్యాల్లా అండాలు, అంటే గింజలు కావాల్సినవి. భూతద్దం చాలు, మైక్రోస్కోపు అక్కర్లేదు.

అంటే అండాలు లేవన్న మాట చెల్లదు. కీలాగ్రం నుంచి అండాశయం దాకా స్కేలు పెట్టి కొలిస్తే 7 సెంటీమీటర్లు పైనే వచ్చింది. పుప్పొడి రేణువు కంటికి చుక్కలా కనిపించేది. అందులోంచి బయల్దేరే నాళం ఈ దూరమంతా కీలం లోపల పెరుగుతూ రావాలి. అనుమానాలు నాలుగు రాసుకున్నాను: పుప్పొడి మోసేవాళ్లు లేరు, పుప్పొడి పనికిరాదు, కీలాగ్రం ఒప్పుకోదు, లోపల అంతా సరిపోయాక కూడా గింజ నిలబడదు.

మోసేవాళ్ల సంగతి రెండు ఉదయాలు కూర్చుంటే తెలిసిపోయింది. తేనెపిట్టలు వస్తున్నాయి, కానీ పువ్వు అడుగున పక్కనుంచి ముక్కు గుచ్చి తేనె లాక్కుపోతున్నాయి. కీలాగ్రం వాటికి ఎక్కడా తగలట్లేదు. బెండలో ఈ ఇబ్బంది లేదు. దాని కేసరాలూ కీలాగ్రమూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పురుగు రాకపోయినా పని జరిగిపోతుంది. మందారంలో కీలాగ్రాలు కేసరాలను దాటి పైకి వెళ్లిపోతాయి.

8వ రోజు

సొంత పుప్పొడినే కుంచెతో కీలాగ్రాలకి పూశాను, వరసగా కొన్ని రోజులు, మొత్తం 20 పూలకి. ఒక్కటీ నిలవలేదు. నాలుగైదు రోజులకి గిన్నె పసుపెక్కి కాడతో సహా రాలింది. మోసేవాళ్లు లేకపోవడం ఒక్కటే కారణం కాదన్నమాట.

కీలాగ్రం సిద్ధంగా ఉందో లేదో చూడటానికి తేలిక పరీక్ష ఒకటుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి భూతద్దంతో చూస్తే, సిద్ధంగా ఉన్న కీలాగ్రం మీద బుడగలు వస్తాయి. కోసిన గాయం మీదా, పుప్పొడి మీదా కూడా బుడగలు వస్తాయి కాబట్టి పుప్పొడి అంటని, గీరుకోని కీలాగ్రాన్నే తీసుకోవాలి. నేను మొదట మూడుసార్లు మోసపోయాను. మొగ్గలో తక్కువ, విచ్చుకున్న పొద్దున బాగా, సాయంత్రానికి మళ్లీ తక్కువ. పరీక్ష చేసిన పువ్వు ఇక దేనికీ పనికిరాదు, దాన్ని లెక్కలోంచి తీసేయాలి.

19వ రోజు

ఈ పది రోజులూ పుప్పొడితోనే సరిపోయింది. నాకు బాగా నచ్చిన భాగం కూడా ఇదే.

మందారం పుప్పొడి చూడటానికి గొప్పగా ఉంటుంది. గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లతో, మామూలు పుప్పొడి పక్కన పెడితే ఏనుగంత. అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి పది నిమిషాలు ఆగితే నిండుగా ఉన్న రేణువులు ఎర్రబడతాయి, ఖాళీవి పాలిపోయి ముడుచుకుని ఉంటాయి. ఎర్ర మందారంలో 200 లెక్కపెడితే 58 నిండువి. పసుపు దాంట్లో 200కి 131. బెండలో ఖాళీవి వెతుక్కోవాల్సి వచ్చింది. ఎర్రబడినంత మాత్రాన ఆ రేణువు మొలకెత్తుతుందని కాదు. లోపల సరుకు ఉందని మాత్రమే ఈ రంగు చెబుతుంది.

మొలకెత్తడం చూడాలంటే తీపి ద్రావణం కావాలి. బ్రూబేకర్, క్వాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1963లో ఇచ్చిన పాళ్లు ఇప్పటికీ అందరూ వాడతారు: చక్కెర 10 శాతం, లీటరుకి బోరిక్ ఆమ్లం 100 మిల్లీగ్రాములు, కాల్షియం నైట్రేట్ 300, మెగ్నీషియం సల్ఫేట్ 200, పొటాషియం నైట్రేట్ 100. నేను మొదటి మూడే వాడాను. ఇంట్లో తూకం మీద 10 మిల్లీగ్రాములు తూచలేం కాబట్టి 1 గ్రాము బోరిక్ ఆమ్లాన్ని లీటరు నీళ్లలో కలిపి పెట్టుకున్నాను. కాల్షియం నైట్రేట్ 3 గ్రాములు ఇంకో లీటరులో. ఒక్కోదాంట్లోంచి 10 మిల్లీలీటర్లు తీసి, 10 గ్రాముల చక్కెర వేసి, నీళ్లతో మొత్తం 100 మిల్లీలీటర్లు చేస్తే పాళ్లు సరిపోతాయి. సీసాల మీద పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి వంటింటికి దూరంగా పెట్టండి, బోరిక్ ఆమ్లం కడుపులోకి వెళ్లకూడదు. ద్రావణం మూడు రోజులకి బూజు పడుతుంది, ఎప్పటికప్పుడు కలుపుకోవడమే.

సాధనకి బిళ్ళగన్నేరు. గొట్టాన్ని సూదితో నిలువుగా చీలిస్తే మూతి దగ్గరే పరాగకోశాలు, అంటే పుప్పొడి తిత్తులు, దొరుకుతాయి. స్లైడు మీద చుక్క వేసి, పుప్పొడి రాల్చి, తడి కాగితం పరిచిన మూత డబ్బాలో పెట్టాను. అరగంటకి కొన్ని రేణువుల పక్కన చిన్న బొడిపె. రెండు గంటలకి అవి రేణువు కంటే ఎన్నో రెట్లు పొడవైన గొట్టాలు. 400 రెట్ల దగ్గర చూస్తే గొట్టం లోపల సన్నటి చుక్కలు వాగులో ఇసుకలా పరిగెడుతుంటాయి. ఆ రాత్రి నిద్ర లేదు నాకు.

అదే ద్రావణంలో మందారం వేస్తే రేణువులు టపటపా పగిలి లోపలిది కక్కేశాయి. మామూలు నీళ్లలో పగలడం ఎవరికైనా తెలిసిందే, నీరు లోపలికి దూసుకెళ్తుంది. చక్కెర 20 శాతానికి పెంచితే పగలడం తగ్గింది, నాళం మాత్రం రాలేదు. మూడు రోజులు కుస్తీ పట్టి వదిలేశాను. దానికి బదులు బతికున్న కీలాగ్రం మీదే పుప్పొడి వేసి, నాలుగు గంటలాగి, బొడిపెని కోసి అసిటోకార్మిన్‌లో నలిపి చూశాను. పసుపు దాని రేణువుల్లోంచి సన్న దారాలు బొచ్చు మధ్యకి దిగుతున్నాయి. ఎర్రదాని రేణువుల్లోనూ కొన్నింటికి ఉన్నాయి, పదికి ఒకటో రెండో.

పుప్పొడి నాళాన్ని మొదట గమనించిన ఇటలీ శాస్త్రవేత్త అమీచి కూడా 1824లో కీలాగ్రం మీదే చూశాడు. ఆయన చూసింది గంగపాయల మొక్క పువ్వుని. దాని దగ్గరి చుట్టం గడ్డిగులాబి నా దగ్గరుంది, దాంతో నేనూ చేశాను, పొద్దున పదింటికి ఎండలో విచ్చుకున్న పువ్వుతో. కీలాగ్రం పల్చగా ఉంటుంది కాబట్టి మందారం కంటే ఇది తేలిక. మరో సరదా: దాని కేసరాలని పుల్లతో తాకితే మొత్తం గుంపు ఒక పక్కకి వంగుతుంది.

52వ రోజు

రంగుల కలయిక మొదలుపెట్టాను. నోట్సులో తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత రాయడం వాడుక. ఎరుపు తల్లిగా, పసుపు తండ్రిగా 16 పూలు. పద్ధతి: పొద్దున్నే, పువ్వు విచ్చుకుంటుండగానే, పరాగకోశాలు పగలకముందు చిన్న కత్తెరతో వాటిని కత్తిరించెయ్యాలి. తర్వాత తండ్రి పువ్వుని తెచ్చి దాని కేసరాల గొట్టాన్నే కుంచెలా పట్టుకుని ఐదు బొడిపెలకీ రుద్దాలి. కుంచె కంటే ఇదే నయం, ముళ్ల పుప్పొడి కుంచె వెంట్రుకల్లో ఇరుక్కుపోతుంది. పల్చటి సంచి తొడిగి, కాడకి దారం కట్టి, తేదీ.

ఎండలు మండుతున్న రోజులవి, పగలు 35 డిగ్రీలు దాటుతోంది. 14 పూలు వారంలో రాలాయి. రెండు నిలిచాయి, గిన్నె పచ్చగానే ఉంది, లోపల బుడిపె ఉబ్బుతోంది. టెన్షన్‌తో రోజూ రెండుసార్లు వెళ్లి చూసేదాన్ని. పన్నెండో రోజున ఒకటి, పద్నాలుగో రోజున రెండోది రాలిపోయాయి.

కోసి చూస్తే కొన్ని అండాలు మిగతావాటికంటే పెద్దవై, మెత్తబడి, లోపల డొల్లగా ఉన్నాయి. అంటే నాళం చేరింది. చేరాకే ఏదో చెడింది. మిగిలిన సమాధానం ఇక్కడుందని నాకనిపించింది.

నాళం అండంలోకి దిగాక రెండు పురుషబీజాలని వదులుతుంది. ఒకటి స్త్రీబీజకణంతో కలిసి పిండమవుతుంది. రెండోది అండం లోపలి పిండకోశమనే సంచి మధ్యలో ఉన్న రెండు ధ్రువకేంద్రకాలతో (ఇవి తల్లివి) కలిసి అంకురచ్ఛదం అవుతుంది, అంటే పిండానికి పెట్టే తిండి. ఇలా రెండు కలయికలు జరుగుతాయని 1898లో నవాషిన్ అనే రష్యా శాస్త్రవేత్త లిల్లీ జాతి పూలలో కనిపెట్టాడు, మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో గిన్యార్ విడిగా అదే చూశాడు. అంకురచ్ఛదంలో తల్లివి రెండు పాళ్లు, తండ్రిది ఒక పాలు. ఈ రెండుకి ఒకటి లెక్క తప్పితే చాలా మొక్కల్లో అంకురచ్ఛదం సరిగ్గా పెరగదు, తిండి లేక పిండం ఎండిపోతుంది. తోట మందారాలు ఎన్నో రకాల కలయికల్లోంచి వచ్చినవి, క్రోమోజోముల సంఖ్య రకానికీ రకానికీ తేడా. మా ఎర్రదాని పుప్పొడిలో అన్ని ఖాళీలు ఉండటానికీ, నిలిచిన బుడిపెలు రెండు వారాల్లో రాలడానికీ మూలం ఇదే అయి ఉంటుందని నా అంచనా. క్రోమోజోములు లెక్కపెట్టే సరంజామా నా దగ్గర లేదు కాబట్టి అంచనాగానే ఉంచుతాను.

అంకురచ్ఛదాన్ని కళ్లతో చూడాలంటే ఆముదం గింజని నానబెట్టి నిలువుగా చీల్చండి. తెల్లటి మందమంతా అదే, మధ్యలో కాగితంలా రెండు బీజదళాలు, అంటే మొలక తొలి ఆకులు. చిక్కుడు గింజలో అది మిగలదు, పిండం ముందే తినేసి బీజదళాల్లో దాచుకుంటుంది. ఆముదం గింజ విషం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

66వ రోజు నుంచి

ఎండ తగ్గేదాకా మందారానికి సెలవు. ఆ ఖాళీలో పువ్వుల్ని గుంపులుగా సర్దడం పెట్టుకున్నాను. ఏకదళబీజాలు, ద్విదళబీజాలు అని రెండు కాలమ్‌లు గీశాను. 17వ శతాబ్దంలో జాన్ రే అనే ఇంగ్లండు శాస్త్రవేత్త చేసిన విభజనే, బళ్లో మనందరం చదివిందే. రెయిన్ లిల్లీ: మూడేసి చొప్పున ఆరు రేకులు, ఆకు ఈనెలు సమాంతరం, పుప్పొడి మీద ఒకే గాడి. మొదటి కాలమ్. ఆవ: నాలుగు రేకులు, వలలాంటి ఈనెలు, పుప్పొడి మీద మూడు గాళ్లు. రెండో కాలమ్. హాయిగా సాగుతోంది.

సంపెంగ దగ్గర ఆగిపోయాను. ఈనెలు వలలా ఉన్నాయి, బీజదళాలు రెండు. కానీ పుప్పొడి మీద ఒకటే గాడి, పడవ ఆకారం. రేకులకీ రక్షకపత్రాలకీ తేడా లేదు, కేసరాలు, అండాశయాలు విడివిడిగా సుడి తిరిగి ఇరుసు మీద పేర్చినట్టు ఉన్నాయి. నా స్లైడే తప్పనుకుని మళ్లీ మళ్లీ చేశాను. స్లైడు తప్పు కాదు, కాలమ్‌లే తప్పు.

ఇప్పటి లెక్కలో ద్విదళబీజాలన్న పాత గుంపు ఒకే కుటుంబ వృక్షంగా నిలవలేదు. డీఎన్‌ఏ ఆధారంగా వృక్షశాస్త్రవేత్తల బృందం ఏపీజీ 1998లో కొత్త వర్గీకరణ ఇచ్చింది. 2016 నాటి నాలుగో కూర్పులో 64 క్రమాలు, 416 కుటుంబాలు ఉన్నాయి. అందులో అన్నిటికంటే ముందు విడిపోయిన కొమ్మ మీద ఒకే ఒక్క జాతి, న్యూ కాలిడోనియా దీవిలో పెరిగే అంబొరెల్లా. తర్వాత కలువలు, ఆ తర్వాత అనాసపువ్వు చెట్టు ఉన్న చిన్న కొమ్మ. అక్కణ్నుంచి పెద్ద గుంపులు: సంపెంగ, సీతాఫలం, మిరియం, దాల్చిన, జాజికాయ ఉన్న మాగ్నోలిడ్లు, సుమారు పదివేల జాతులు. ఏకదళబీజాలు, మొత్తం పూలమొక్కల్లో ఐదో వంతుకి కాస్త పైన. మిగతా ముప్పాతిక భాగం నిజ ద్విదళబీజాలు. వీటి గుర్తు మూడు గాళ్ల పుప్పొడి. ఇవికాక రెండు చిన్న కొమ్మలున్నాయి, నా నోట్సులో వాటికి ఇంకా ఒక్క పువ్వూ దొరకలేదు.

అందరికంటే నన్ను ఆశ్చర్యపెట్టింది తామర. కలువా తామరా అక్కాచెల్లెళ్లనే అనుకున్నాను ఇన్నాళ్లూ. కలువ ఆ పాత కొమ్మ మీద ఉంటే, తామర నిజ ద్విదళబీజం. పుప్పొడి మీద మూడు గాళ్లు చూశాకే నమ్మాను. నీళ్లలో బతకడం ఒక్కటే వాటికి పోలిక. కలువని మూడు రోజులు వరసగా చూస్తే ఇంకో సంగతి: మొదటి రోజు మధ్యలోని గిన్నె తడిగా, కేసరాలు మూసుకుని ఉంటాయి, అంటే ఆ రోజు అది ఆడ పువ్వు. రెండో రోజు గిన్నె ఎండి కేసరాలు పగులుతాయి.

మందారం ఈ గాళ్ల నియమానికి లొంగదు. దాని రేణువు ఒళ్లంతా రంధ్రాలే. మూడు గాళ్ల పూర్వీకుల నుంచే వచ్చి తర్వాత మారిందట. కాబట్టి పుప్పొడి ఒక్కటీ చూసి తీర్పు చెప్పకూడదు.

నిజ ద్విదళబీజాల్లో మళ్లీ రెండు పెద్ద వర్గాలు. విడి రేకులవి ఎక్కువగా రోజిడ్లు: మందారం, గులాబి, చిక్కుడు, గుమ్మడి, మామిడి. రేకులు అతుక్కుని గొట్టమైనవి ఎక్కువగా ఆస్టరిడ్లు: బిళ్ళగన్నేరు, వంగ, టమాటా, పొద్దుతిరుగుడు. గుమ్మడి పువ్వు రేకులు అతుక్కునే ఉంటాయి, అయినా రోజిడే, అందుకే "ఎక్కువగా" అన్నాను. ఈ రెంటిలోనూ చేరని ఇంకో గుంపులో గడ్డిగులాబి, తోటకూర, కాగితప్పూలు, కాక్టస్‌లు. వీటిలో చాలావాటికి ఎరుపునిచ్చే రంగు పదార్థం వేరు. మందారం రేకుల రసంలో నిమ్మరసం వేస్తే ఎర్రబడుతుంది, వంటసోడా వేస్తే ఆకుపచ్చగా మారుతుంది. కాగితప్పూల రసంలో సోడా వేసి చూడండి, పెద్దగా మారదు. పది నిమిషాల పని, పిల్లలు చుట్టూ మూగుతారు.

124వ రోజు

చల్లబడింది, మధ్యాహ్నం 28 డిగ్రీలు దాటట్లేదు. ఈసారి తిరగేశాను: పసుపు తల్లి, ఎరుపు తండ్రి. ఎర్రదాని పుప్పొడిలో చాలావరకు ఖాళీయే అయినా, ఒక్కో పువ్వులో బోలెడన్ని రేణువులుంటాయి, అందులో మంచివి కొన్నైనా దొరక్కపోవు. మొత్తం 17 పూలు, 28 రోజుల్లో. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్యే పని.

139వ రోజున కట్టిన దారం నిలిచింది. మిగతా 16 రాలాయి. రెండు వారాలు దాటాక అక్కకి ఫోన్ చేసి చెప్పాను, అంతకుముందు చెప్పే ధైర్యం లేకపోయింది. నీళ్లు మానకుండా, ఎరువు కొత్తగా ఏమీ వెయ్యకుండా, కుండీ కదపకుండా ఉంచాను. కాయ నెల తిరిగేసరికి చిన్న గోళీ అంత, పచ్చగా, కొన తేలి ఉంది. ఆరో వారం రంగు తిరగడం మొదలవగానే సంచి మళ్లీ బిగించాను, పగిలితే గింజలు మట్టిలో కలిసిపోతాయి.

190వ రోజు

51 రోజులకి కాయ గోధుమరంగులోకి వచ్చి ఐదు చీలికలై విచ్చుకుంది. 7 గింజలు. నీళ్లలో వేస్తే రెండు తేలాయి, చీల్చి చూస్తే డొల్ల. మిగతా ఐదింటికీ, కాడ అంటుకునే మచ్చకి అవతలి వైపు గరుకు కాగితంతో పైపెంకు కొంచెం రుద్ది, లోపలి తెలుపు కనిపించగానే ఆపి, రాత్రంతా నీళ్లలో ఉంచాను. ఇసుక, కొబ్బరి పొట్టు సగం సగం, అర అంగుళం లోతు, పైన పల్చటి మూత.

214వ రోజు

9, 10, 16వ రోజుల్లో ఒక్కొక్కటి చొప్పున మూడు మొలిచాయి. మిగతా రెండు కుళ్లాయి, నీళ్లు ఎక్కువ పెట్టాననుకుంటా. ఒక మొలకకి మూడు బీజదళాలున్నాయి. ద్విదళబీజాల్లో అప్పుడప్పుడూ ఇలా జరుగుతుందట, అయినా నా కాలమ్‌ల కోసమే వచ్చినట్టుంది. దానికి కుండీ మీద ఎర్ర దారం కట్టాను.

53 కలయికలకి ఒక కాయ. గింజ నుంచి పువ్వు రావాలంటే ఏడాది పైనే పట్టొచ్చు. ఈలోపు ఎర్రదానికి తల్లిగా ఇంకో అవకాశం ఇస్తాను, ఈసారి చల్లటి రోజుల్లో, వేరే రకం తండ్రితో. అక్క కుండీ గడువు దాటి నెల పైనైంది, ఇంకా అడగలేదు.